ఆకురాయి పట్టేముందు

కృష్ణరాజపురం రైల్వే స్టేషన్ వెనక వీధిలో మా మామ ఇల్లు. డీజిల్ షెడ్డు నుంచి ఇంజిన్ల గురక పగలూ రాత్రీ వినిపిస్తూనే ఉంటుంది. మామ దూరవాణినగర్ టెలిఫోన్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాడు. ఇంటి వెనక రేకుల కింద ఇప్పటికీ ఒక బెంచీ వైసు, గోడకు వరసగా తగిలించిన ఆకురాళ్లు ఉంటాయి. పెదనాన్నది శ్రీనివాసపురం దగ్గర పల్లె. మామిడి తోట, దాని పక్కన వేరుశనగ చేను. మొన్న ఎండాకాలం ఒక ఆదివారం కోలారు, హొసకోట మీదుగా బస్సెక్కి వచ్చాడు. ఒక చేతిలో బాదామి మామిడి పళ్ల సంచి, చంకలో పాత క్యాలెండర్ కాగితాల చుట్ట.

ఆ చుట్ట కోసమే వచ్చాడని కాఫీ తాగాక తెలిసింది. తాతయ్య నుంచి వచ్చిన ఒంటి గొట్టం తుపాకీ ఒకటి పెదనాన్న దగ్గరుంది. పంట కాపలాకని లైసెన్సు ఉన్నది. గొట్టం మూతిలోంచి మందు, గుడ్డ, సీసపు గుండు వేసి కడ్డీతో కూరే పాత రకం. తుపాకీని పల్లెలోనే బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చాడు. తెచ్చింది అది కాల్చిన కాగితాలు మాత్రమే. ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరి మధ్య జరిగిన వాదన నాకు జ్ఞాపకమున్నంత వరకు ఇది.

పెదనాన్న: చిన్న పనేనయ్యా. గొట్టం ముందర గురిచూసే పూస వంకరపోయింది. దాన్ని నువ్వు ఇట్లా ఆకురాయి పట్టి సరిచేస్తావో, కొత్తదే ఇత్తడితో చేసిస్తావో నీ ఇష్టం. నీ చేతికి గంట పని.

మామ: వంకరపోయిందని ఎట్లా తెలిసింది బావా?

పెదనాన్న: బీరువాలోంచి తీసి గోడకు ఆనించితే జారి గడప మీద పడింది. ఆనాటి నుంచీ గురి కుదరటం లేదు. ఇంకేం కావాల? ఇదే తుపాకీతో, ఇదే పూసతో మా నాయన టెంకాయ పగలగొట్టేవాడు.

మామ: పడింది నిజం, గురి తప్పింది నిజం. పడినందుకే తప్పిందా అన్నది ఇంకా తేలలేదు. అది తేలినా నేను ముట్టుకోను. 1959 ఆయుధాల చట్టంలో 5వ సెక్షను ఉంది. తుపాకీ తయారీకే కాదు, రిపేరుకూ లైసెన్సు ఉండాల. నా దగ్గర అది లేదు. ఊళ్లో లైసెన్సు ఉన్న దుకాణానికి నీ లైసెన్సు పుస్తకంతో పాటు తీసుకుపో.

పెదనాన్న: కొడగు వాళ్లకు లైసెన్సే అక్కర్లేదంట కదా!

మామ: కొడవలకూ, అక్కడి జమ్మా భూముల వాళ్లకూ మినహాయింపు ఉంది. 2019లో ఇంకో పదేళ్లకు, 2029 దాకా పొడిగించారు. కైల్ పోళ్ద్ పండక్కి వాళ్లు తుపాకులకు పూజ చేసి, టెంకాయకు గురిపెట్టి కాలుస్తారు. అది వాళ్ల ఊరి హక్కు. మనది కోలారు.

పెదనాన్న ముఖం చిన్నబోయింది. ఇంత దూరం వచ్చింది ఈ మాట వినడానికా అన్నట్టు చుట్టను మళ్లీ చంకలో పెట్టుకోబోయాడు. మామ చెయ్యి చాపి దాన్ని లాక్కున్నాడు. చేతితో పని చెయ్యనన్నాడుగాని కళ్లతో చూడనని ఆయన అనలేదు.

మామ: సొల్పం ఆగు. కాగితాలు చూడనీ. ముందు ఒకటి చెప్పు. మందు కూరి ఉందో లేదో నీకెట్లా తెలుస్తాది?

పెదనాన్న: కడ్డీకి రెండు గాట్లున్నాయి. మా నాయన కోసినవే. ఖాళీ గొట్టంలో దించితే ఒక గాటు మూతి దగ్గరికి వస్తాది. మందూ గుండూ ఉంటే కడ్డీ అంత లోపలికి పోదు, రెండో గాటు కనపడతాది.

మామ: మంచిది. గుండు మందును తాకేదాకా దిగిందని చెప్పేది కూడా ఆ రెండో గాటే. మధ్యలో సందుంటే గొట్టం అక్కడ ఉబ్బుతాది, లేదా పగులుతాది. గురి కన్నా ముందు చూసుకోవాల్సింది అది.

క్యాలెండర్ కాగితాలను కింద పరిచారు. వెనక వైపు తెల్లటి భాగం మీద బొగ్గుతో గీసిన సున్నా, దాని నడుమ నల్లటి చుక్క. మొదటి కాగితం మీద ఐదు చిల్లులు, ఒకదానికొకటి సంబంధం లేకుండా రెండు జానల మేర చెదిరి ఉన్నాయి.

పెదనాన్న: చూడు, ఎట్లా పోయినాయో! పూస సరిగా ఉంటే ఇట్లా పోతాయా?

మామ: పూస వంకరైతే ఐదూ ఒకే పక్కకు పోవాల బావా. వంకర పూస కూడా ప్రతిసారీ ఒకే వంకర చూపిస్తాది, దానికి మాట మార్చటం రాదు. ఇక్కడ ఒకటి పైన, ఒకటి కింద, రెండు ఎడమకు, ఒకటి అంచుకు. గుంపే లేదు. గుంపు లేనప్పుడు పూసను ఎటు జరపమంటావు?

ఈ ఒక్క మాట దగ్గరే నేను మామ వైపు మొగ్గాను. ఇంట్లో ఏ వస్తువు చెడినా ముందు స్క్రూడ్రైవరు వెతుక్కునే మనిషిని నేను. తప్పు ఒకే చోట పదేపదే కనిపిస్తేనే దాన్ని సరిచేయగలం అని ఎవరూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు.

మామ: ఇవి నిలబడి కాల్చినవేనా?

పెదనాన్న: చేనిగట్టు దగ్గర నిలబడే. ఎదురుగా మట్టి దిబ్బ ఉంది. దూరం ముప్పై మీటర్లు, టేపు పట్టి కొలిచినా.

మామ: రెండో కాగితం?

రెండో దాని మీద పెదనాన్న పెన్సిలుతో నంబర్లు వేసుకున్నాడు. ఒకటోది ఎక్కడో పక్కన. రెండు, మూడు దగ్గర దగ్గరగా. నాలుగు, ఐదు మళ్లీ దూరం.

పెదనాన్న: ఇవి ఒకదాని వెంట ఒకటి, ఆపకుండా కాల్చినా. నాలుగోదానికి గుండు దిగలేదు, కడ్డీని బలంగా గుద్దాల్సి వచ్చింది.

మామ: మధ్యలో గొట్టం తుడవలేదు కదా?

పెదనాన్న: పంది వస్తే తుడిచేదాకా నిలబడతాదా?

మామ: ఇప్పుడు పంది లేదు, కాగితం ఉంది. ఈ మందులో సురేకారం, బొగ్గు, గంధకం. నూటికి డెబ్బై ఐదు, పదిహేను, పది పాళ్లు. కాలినాక సగానికి పైగా బరువు గాలిగా మారదు, గట్టి మసిగా మిగులుతాది. అందులో కొంత పొగతో పోయినా మిగతాది గొట్టంలోనే అతుక్కుంటాది. ఒక్కో గుండుకూ దారి ఇరుకవుతాది. ఇరుకైతే ఒత్తిడి మారుతాది, ఒత్తిడి మారితే గుండు పడే చోటు మారుతాది. ఒకసారి కాల్చినాక తడి గుడ్డ, దాని వెంట పొడి గుడ్డ. ప్రతిసారీ అదే కొలత మందు, అదే మందం గుడ్డ. మొదటిది పక్కకు పోయింది ఎందుకంటే నువ్వు తుప్పు పట్టకూడదని నూనె పూసి పెట్టుంటావు. నూనె గొట్టంతో పోయిన గుండు వేరు, మసి గొట్టంతో పోయింది వేరు.

పెదనాన్న: మా నాయన ఇవన్నీ చేసేవాడా?

మామ: టెంకాయకు ఎన్నిసార్లు కాల్చేవాడు?

పెదనాన్న కాసేపు ఆలోచించాడు.

పెదనాన్న: పండక్కి ఒక్కసారి. తగిలితే తగిలినట్టు.

మామ: మరి ఆయన తుడవాల్సిన పనేముంది! ఆయన గొట్టం ఎప్పుడూ శుభ్రమే.

మా తాతయ్యను గురించి ఇట్లా అనటం నాకు మొదట నచ్చలేదు. కానీ పెదనాన్న నవ్వాడు. ఆ నవ్వుతో వాదన రూపం మారింది. అంతదాకా తుపాకీ తరఫున మాట్లాడిన పెదనాన్న ఇక కాగితాల గురించి మాట్లాడసాగాడు.

పెదనాన్న: సరే. ఇదిగో, మూడోది చూసి చెప్పు. దీనిమీద పొద్దున మూడు, సాయంత్రం మూడు. నువ్వు చెప్పకముందే తుడిచి తుడిచి కాల్చినా. పొద్దున్నవి మూడూ ఎడమకు, సాయంత్రానివి మూడూ వాటికి కుడిపక్కకు. పూస కదలకుండా ఉంటే ఇట్లెట్లా అయితాది? వదులై ఊగుతోందని నేనంటా.

మామ: దిబ్బ నీకు ఏ దిక్కున?

పెదనాన్న: ఉత్తరాన.

మామ: అయితే పొద్దున ఎండ నీ కుడి పక్క నుంచి. గుండ్రటి ఇత్తడి పూస కుడి చెంప తళతళమంటాది, ఎడమ చెంప నీడలో పోతాది. నీ కంటికి ఆ మెరిసే ముక్కే పూస అనిపిస్తాది. దాన్ని వెనక గాడి మధ్యకు తెస్తావు. అంటే నిజం పూస మధ్యకు ఎడమగా ఉంది, గొట్టం మూతీ ఎడమగా ఉంది. గుండు ఎడమకే పోతాది. సాయంత్రం ఎండ అటు మారితే అన్నీ తారుమారు. వెలుగు ఎటుంటే గుండు దానికి ఎదురు దిక్కుకు జరుగుతాది. పూసకు కాటుక పెట్టు.

పెదనాన్న: కాటుకా?

మామ: ఆముదం దీపం మీద రేకు పెట్టి మసి పట్టరా మనోళ్లు? అదే మసి. గొట్టంలో మందు లేదని గాటు చూసుకున్నాక, మందు పొట్లం ఇంకో గదిలో పెట్టినాక, ఆ రేకు మీది మసిని వేలితో తీసి పూసకు పూయి. దీపాన్ని తుపాకీ దగ్గరికి తీసుకుపోవద్దు. గురిపోటీల వాళ్లు కూడా సైట్లకు మసి పట్టిస్తారు. మెరుపు పోయినాక పూస గుండ్రంగా, నల్లగా, ఉన్నదున్నట్టు కనపడతాది.

పెదనాన్న: కనపడేదాని సంగతే చెప్తా విను. నాకు పూస కనపడదు, దిబ్బ మీద చుక్క బాగా కనపడతాది. అర్జునుడికి పక్షి కన్నే కనపడిందంట కదా, ద్రోణుడు మెచ్చుకున్నాడు కదా. నేనూ చుక్కనే చూస్తా.

మామ: అర్జునుడి చేతిలో విల్లుంది, దానికి గాడీ పూసా లేవు. ఇక్కడ మూడు వస్తువులున్నాయి. కంటి దగ్గర గాడి, దూరంగా పూస, ఇంకా దూరంగా చుక్క. మనిషి కన్ను ఒకేసారి మూడింటినీ స్పష్టంగా చూడలేదు. ఒకదాన్ని ఎంచుకోవాల. పూసను ఎంచుకో. చుక్క కొంచెం మసకబారినా తప్పు చిన్నదే. పూస గాడిలో కొంచెం పక్కకు పోతే ముప్పై మీటర్ల దగ్గర అది వేళ్ల లెక్కన పెరుగుతాది.

పెదనాన్న: అర్జునుణ్ణి తప్పంటావా!

మామ: ద్రోణుడు తుపాకీ నేర్పి ఉంటే, పూస కనపడుతోందా అనే అడిగేవాడు.

పెదనాన్నకు అరవై దాటాయి. పేపరు చదవటానికి కళ్లద్దాలు కావాలి, చేలో తిరిగేటప్పుడు అక్కర్లేదు. కళ్లద్దాలు లేకుండా గురిపెడితే గాడి మసక, పూస మసక. పెట్టుకుంటే దిబ్బే కనపడదు. నలభై దాటిన ప్రతి కంటికీ మెల్లగా వచ్చే మార్పే ఇది, పూస వంకరకు దీంతో పనిలేదు. చదువుకునే అద్దం గాడికీ ఎక్కువే అవుతుందని, గొట్టం చివరి దూరానికి సరిపడే తక్కువ పవరు అద్దం చేయించుకోమని మామ చెప్పాడు. వెనక గాడిని గొట్టం మీద కొంచెం ముందుకు, కంటికి దూరంగా అమర్చినా వయసు మళ్లినవాళ్లకు తేలికవుతుందన్నాడు. అదీ లైసెన్సున్న దుకాణంలోనే.

ఇక్కడ నేనూ నోరు విప్పి, అసలు ఈ తుపాకీకి గురెందుకు అని అడిగాను. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు వేట లేదు. పంట పాడుచేసే పందినైనా 11వ సెక్షను కింద అధికారి అనుమతి లేకుండా కాల్చకూడదు. పెదనాన్న కూడా గుండు లేకుండా మందు మాత్రం కూరి శబ్దం చేసి తరుముతాడని నాకు తెలుసు.

పెదనాన్న: శబ్దానికే అయితే గురి అక్కర్లేదు, నిజమే. కానీ ఒకరోజు అనుమతి కాగితం చేతికొస్తే? అప్పుడు గుండు పొట్టలో తగిలి, ఆ పంది పక్కోళ్ల చెరకులో పడి మూడు రోజులు కొట్టుకుంటే? అట్లాంటిది చిన్నప్పుడు ఒకసారి చూసినా. ఆ అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. గురి కుదరనోడు కాల్చకూడదు. అందుకే ఇన్ని కాగితాలు పాడుచేసినా.

మామ చాలాసేపు ఏమీ అనలేదు. ఈ వాదనలో పెదనాన్న మాటదే పైచేయి అయింది ఇక్కడ. ఆయనకు కావాల్సింది పూస బాగుచేయటం కాదు, కాల్చవచ్చా లేదా అని తనకు తాను తెలుసుకోవటం.

మామ: అయితే ఇంకోటి చెప్తా. నీది లోపల నున్నటి గొట్టం. 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలుకు లోపల మూడు మెలిక గాళ్లుండేవి. గుండు తిరుగుతూ పోయేది. వెనక సైటుకు నిచ్చెన లాంటి రేకు, తొమ్మిది వందల గజాల దాకా గీతలు. 1857 తిరుగుబాటు అయినాక మన సిపాయిల చేతికి అదే రూపంలో ఇంకో తుపాకీ ఇచ్చారు. లోపల గాళ్లు లేవు. నిచ్చెన సైటు లేదు, ఒక గాడి మాత్రమే. చూసేవాడికి రెండూ ఒకటే, గురిలో మాత్రం పోలికే లేదు. నీ తుపాకీ ఆ రెండో జాతిది. ముప్పై మీటర్లలో అరచేతి అంత చోట గుంపు పడితే సంతోషించు. అంతకన్నా దూరం నిలబడ్డ జంతువు మీద దానికి హక్కు లేదు.

పెదనాన్న: ఒప్పుకున్నా. నాలుగోది చూడు మరి.

నాలుగో కాగితం చూసి మామ ముందుకు వంగాడు. పెదనాన్న దాన్ని చివరిదాకా ఎందుకు దాచాడో నాకర్థమైంది. ఐదు చిల్లులూ ఒక సాసరు కింద దాగేంత దగ్గరగా ఉన్నాయి. ఎత్తు సరిగ్గా ఉంది. కానీ గుంపు మొత్తం చుక్కకు కుడిపక్కన.

పెదనాన్న: ఇది మధ్యాహ్నం పన్నెండుకు. ఇసుక మూట మీద ఆనించి, ప్రతిసారీ తుడిచి, కొలిచిన మందుతో. నా కొడుకు గురిపెట్టినాడు, వాడికి కళ్లు బాగున్నాయి.

మామ: మూట మీద గొట్టాన్ని ఆనించినాడా, కర్రనా?

పెదనాన్న: కర్రను. కింద చెయ్యి పెట్టి.

మామ: మంచి పని. గొట్టాన్నే ఆనిస్తే పైకి ఎగిరేది. గొట్టాన్ని కర్రకు పట్టే పట్టీలు ఊగటంలేదు కదా?

పెదనాన్న: బిర్రుగా ఉన్నాయి.

మామ: అయితే ఇది నమ్మాల్సిన కాగితం. కుడికి ఎంత?

స్కేలు తెచ్చి కొలిచారు. గుంపు నడుమ నుంచి చుక్కకు 8 సెంటీమీటర్లు.

పెదనాన్న: అందుకే అంటున్నా. గుండు కుడికి పోతోంది, పూసను ఎడమకు కొట్టాల.

మామ: ఎడమకు కొడితే ఇంకా కుడికి పోతాది!

ఈ మాట మీద పది నిమిషాలు నడిచింది. చివరికి మామ బల్ల మీద రెండు కాఫీ గ్లాసులు పెట్టాడు. దగ్గరి గ్లాసు గాడి, దూరపు గ్లాసు పూస, రెండూ ఒక పొడుగాటి స్కేలు మీద. దూరపు గ్లాసును కొంచెం కుడికి జరిపి, మళ్లీ రెండూ ఒకే వరసలో కనపడేలా స్కేలును తిప్పమన్నాడు. తిప్పితే స్కేలు కొన ఎడమకు వచ్చింది. పెదనాన్న దాన్ని మూడుసార్లు తిప్పి చూశాడు. ముందరి పూస గుండు పోయిన వైపుకే జరగాలి. వెనక గాడి మాత్రం గుండును ఎటు తేవాలో అటు. ఎత్తుల్లోనూ అంతే. గుండు కిందపడితే పూసను అరగదీయాలి, పైకి పోతే పూస పొడుగు పెరగాలి.

మామ: అందుకే తెలిసినోళ్లు కొత్త తుపాకీకి పూసను కావాలనే ఎత్తుగా పెడతారు. మొదట గుండు కిందపడతాది. కాల్చి చూసి, కొంచెం అరగదీసి, మళ్లీ కాల్చి చూస్తారు. తీసిన ఇనుము మళ్లీ రాదు కదా. నేను ఫ్యాక్టరీలో చేరినప్పుడు మా చార్జ్‌మన్ మొదటి నెలంతా ఆకురాయి ముట్టుకోనివ్వలేదు, కొలవటమే. సరే, గాడి నుంచి పూసకు ఎంత దూరం?

పెదనాన్న: మీ అక్క కుట్టుమిషను టేపుతో కొలిచినా. డెబ్బై ఐదు సెంటీమీటర్లు.

మామ క్యాలెండర్ అంచున లెక్క వేశాడు. 75ను 8తో గుణించి, ముప్పై మీటర్లను సెంటీమీటర్లు చేసి 3000తో భాగించాడు. 0.2 సెంటీమీటరు.

మామ: రెండు మిల్లీమీటర్లు. ఎక్కడో రెండు మిల్లీమీటర్లు కదిలింది. వెనక గాడి ముక్క గొట్టం మీద అడ్డంగా కోసిన గాట్లో బిగించి ఉంటాది. దాని పక్కన ఏమైనా కనపడిందా?

పెదనాన్న మాట్లాడలేదు. కళ్లు మూసుకున్నాడు, తుపాకీని మనసులో చూస్తున్నట్టు.

పెదనాన్న: ఎడమ పక్కన సన్నగా తెల్లటి గీత. మిగతా గొట్టమంతా నల్లగా ఉంటే అక్కడ మాత్రం కొత్త ఇనుము లెక్క మెరుస్తాది. గీరుకుపోయిందేమో అనుకున్నా.

మామ: ఎంత వెడల్పు?

పెదనాన్న తన చిటికెన వేలి గోరు అంచు చూపించాడు. రెండు మిల్లీమీటర్లకు ఎక్కువ ఉండదు.

మామ: అది గీరుకుపోయింది కాదు బావా. గాడి ముక్క కింద ఎన్నో ఏళ్లు గాలి తగలకుండా ఉన్న ఇనుము అది. గడప మీద పడినప్పుడు ముక్క కుడికి జరిగింది, కింద దాగినది బయటపడింది. నువ్వు చెప్పిందే నిజం, పడటంవల్లే గురి తప్పింది. పూస మాత్రం నిర్దోషి. దాన్ని ఈరోజు నేను అరగదీసి ఉంటే దెబ్బతిన్న గాడి అట్లాగే ఉండేది, బాగున్న పూస పాడయ్యేది. దుకాణంవాడికి ఇదే మాట చెప్పు. ఇత్తడి కడ్డీ పెట్టి, చిన్న సుత్తితో, గాడి ముక్కను ఎడమకు తట్టమను. తెల్ల గీత మూసుకునేదాకా. ఇంకేమీ చేయనివ్వొద్దు. కొత్త చోటు దగ్గర సన్నటి గీత ఒకటి పెట్టమను, మళ్లీ ఎప్పుడైనా జరిగితే తెలుస్తాది.

పెదనాన్న: మరి మొదటి మూడు కాగితాలు?

మామ: వాటిల్లో ఉన్నది మసి, ఎండ, నీ కన్ను. ఆ మూడూ దుకాణంలో బాగుకావు.

సాయంత్రం ఐదింటికి పెదనాన్న లేచాడు. టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సు పట్టుకోవాలి. నాలుగో కాగితాన్ని దుకాణానికని విడిగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మామ గోడ మీది పాత క్యాలెండర్లు రెండు తీసి, వెనక వైపు తెల్లగా ఉన్నవి చూసి ఇచ్చాడు. పెదనాన్న వాటిలోంచి ఒక ముక్క చించి, అత్తమ్మ దగ్గర గుండుసూది అడిగి చిన్న చిల్లు పొడిచాడు. కళ్లద్దాలు తీసేసి, ఆ చిల్లును కుడి కంటికి ఆనించుకుని ముందు బల్ల మీది స్కేలు గీతలు చూశాడు, తరవాత వాకిట్లోంచి దూరంగా స్టేషన్ దగ్గరి కేబుల్ వంతెన తీగలు చూశాడు. చిన్న చిల్లులోంచి చూస్తే దగ్గరదీ దూరందీ రెండూ తేటగా కనపడతాయని మామే మధ్యాహ్నం ఎప్పుడో చెప్పాడు. పెదనాన్న అప్పుడు విననట్టే ఉన్నాడు.

“గీతలు కనపడతాండాయి,” అన్నాడు కంటికి కాగితం అట్లాగే పెట్టుకుని. “తీగలూ కనపడతాండాయి.”